అమావాస్యనాడు కదిలిన మిల్లు

నాకు కోపం ఎక్కువని మిర్యాలగూడలో నన్నెరిగిన వాళ్లంతా అంటారు. నేను ఒప్పుకోను. పదకొండేళ్లుగా రైస్ మిల్లు పక్కన నిలబడి భూగోళ శాస్త్రం చెప్పిన మనిషికి ఎంత కోపం ఉండాలో అంతే ఉంది నాకు. అనేవాళ్లెవరైనా వారం రోజులు నా స్థానంలో నిలబడి నైరుతి రుతుపవనాలు చెప్పి చూపించాలి. ఆ తరువాత మాట్లాడుకుందాం.

నా పేరు గోపి. గ్రూప్ పరీక్షలు రాసేవాళ్లకు జాగ్రఫీ చెబుతాను. నా క్లాసు ఒక పాత మిల్లు గోడకు ఆనుకుని ఉన్న మేడ మీది గదిలో, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా జరుగుతుంది. అంత పొద్దున్నే ఎందుకంటే, నా విద్యార్థుల్లో సగం మంది పగలంతా ఎక్కడో ఒకచోట పనిచేసేవాళ్లే. మొదటి బల్ల మీద కూర్చునే శాంతకుమారి త్రిపురారంలో అంగన్‌వాడీ టీచరు. నలభై ఆరేళ్ల మనిషి, మొదటి బస్సుకు వస్తుంది, మళ్లీ తొమ్మిదిన్నరకల్లా పిల్లల ముందు ఉండాలి. ఆమె పక్కన కూర్చునే నిఖితది కోదాడ దగ్గర అనంతగిరి, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. రోజూ ఫోనును నీళ్ల సీసాకు ఆనించి నా పాఠం మొత్తం వీడియో తీసి, రానివాళ్ల కోసం గ్రూపులో పెడుతుంది. ఆ ఫోను ఎంత పని చేస్తుందో అప్పటికి నాకు తెలియదు.

ఇక మిల్లు సంగతి. ఊరి బయట పెద్ద పెద్ద మిల్లులు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఇది అలాంటిది కాదు, తాతల నాటి చిన్న మిల్లు. సైదులు అనే ఆయన దాన్ని నడుపుతాడు. పొద్దున సరిగ్గా ఏడున్నరకు స్విచ్ వేస్తాడు. ముందు చిన్న మోటారు తిరుగుతుంది, నా కిటికీ అద్దాలు సన్నగా గలగలమంటాయి. పది లెక్కపెట్టేలోగా పెద్ద మోటారు అందుకుంటుంది. అప్పుడు నేల అటూ ఇటూ ఊగుతుంది, బల్లలు ఊగుతాయి, బోర్డు అంచు మీద పెట్టిన సుద్దముక్క దొర్లి కింద పడుతుంది.

సుద్దముక్క పడగానే నేను కిటికీ తెరిచి సైదుల్ని తిడతాను. ఇది నా దినచర్య. పళ్లు తోముకోవడం ఎప్పుడైనా మరచిపోయానేమో కాని, ఇది మరచిపోలేదు. నేను రెండు చేతులూ ఊపుతూ అరుస్తుంటే అతను కింద మిల్లు గుమ్మంలో నిలబడి, నా వైపు చూసి, తాపీగా చెయ్యి పైకెత్తి ఊపేవాడు. నీ చేతనైంది చేసుకో పో అన్నట్టుండేది నాకు. దాంతో నా కోపం రెట్టింపయ్యేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయినా మానలేదు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ మిల్లును నేను పాఠంలోకి కూడా లాక్కున్నాను. భూకంపం వచ్చినప్పుడు ముందు వచ్చేవి పి తరంగాలు, వేగం ఎక్కువ, ఊపు తక్కువ. అంటే అద్దాల గలగల. వాటి వెనక వచ్చేవి ఎస్ తరంగాలు, నెమ్మదిగా వస్తాయి, వచ్చి అటూ ఇటూ ఊపేస్తాయి. అంటే పెద్ద మోటారు. నా దగ్గర చదివినవాళ్లెవరూ ఏ పరీక్షలోనూ ఈ ప్రశ్న తప్పు రాయలేదు. ఆ గొప్పంతా నా బోధనదేనని చెప్పుకునేవాణ్ని.

ఈ అరుపుల వల్ల నిరుడు గొంతు మొరాయించింది. దవాఖానకు పోతే డాక్టరు సన్నటి గొట్టం లోపలికి పెట్టి చూసి, స్వరపేటిక మీద బుడిపెలు వచ్చాయన్నాడు.

"గిట్లనే అరిస్తే ఏడాది తిరగకముందే మాట పోతది సార్. నెమ్మదిగ మాట్లాడుండ్రి. లేకుంటే వేరే పని సూసుకోండ్రి."

నాకు వేరే పని రాదు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే నా భార్య నవనీత ఉప్పునీళ్లు కాచి ఇచ్చింది. ఆమె ప్రాథమిక పాఠశాలలో టీచరు. నలభై మంది చిన్నపిల్లల్ని గొంతు పెంచకుండా కూర్చోబెడుతుంది, అదెలాగో నాకిప్పటికీ అర్థం కాదు.

"ఆ మిల్లాయనతోని ఒకసారి మాట్లాడరాదు" అంది.

"రోజు మాట్లాడుతనే ఉన్న గద."

"అది మాట్లాడుడా? నోరు మంచిదైతే ఊరు మంచిదయితది" అని, నా నోట్లో పుక్కిలించే నీళ్లున్నాయి కాబట్టి జవాబు రాదని తెలిసి లోపలికి వెళ్లిపోయింది.

ఇలా ఉండగా సూర్యాపేట నుంచి పిలుపు వచ్చింది. అక్కడ శోభారాణి అనే ఆవిడ పెద్ద కోచింగ్ సెంటర్ నడుపుతుంది. జాగ్రఫీకి మనిషి కావాలట. మైకు ఉంది, తలుపులు మూస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించే హాలు ఉంది. శనివారం నాడు వచ్చి ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. అది కుదిరితే నా గొంతు దక్కుతుంది. కుదరకపోతే వచ్చే ఏటికి నేను చేతులతో సైగలు చేసి తుఫానులు చెప్పాలి. ఆ వారమంతా నా ప్రాణం శనివారం మీదే ఉంది.

మంగళవారం వచ్చింది.

మా దగ్గర మిల్లులకు అమావాస్య సెలవు. ఆదివారం నడిచినా నడుస్తుంది గాని, అమావాస్యనాడు హమాలీ బస్తా ఎత్తడు, మిల్లులో బెల్టు తిరగదు. నెలలో నాకు ప్రశాంతత దొరికేది ఆ ఒక్కరోజే. కాని నేను పంచాంగం చూడను, అది నా సిద్ధాంతం. ఏడున్నర దాటినా సుద్దముక్క పడకపోతే, ఓహో ఇవాళ అమావాస్యన్నమాట అనుకుంటాను. పదకొండేళ్లుగా ఈ పద్ధతి నన్ను ఏనాడూ మోసం చేయలేదు.

ఆ రోజు పాఠం భూకంపాలు. దేశపటం మీద ప్రమాద మండలాలు చూపిస్తున్నాను.

"హిమాలయాల కింద ఉన్నోళ్లకు భయం. కచ్‌ల ఉన్నోళ్లకు భయం. మనకేంది? మనది జోన్ రెండు, అన్నిటికన్న తక్కువ. మీరు భూకంపం గురించి పరీక్షల రాస్తరు గని, బతుకుల సూడరు."

ఈ మాట అన్నప్పుడు గోడ గడియారంలో ఏడు ఇరవై ఎనిమిది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వెంటనే నేల అటూ ఇటూ ఊగింది. సుద్దముక్క దొర్లి పడింది. ఇరవై నాలుగు మందీ సగం లేచి నిలబడ్డారు.

"కూసోండ్రి" అన్నాను. "అది భూకంపం గాదు. సైదులు."

కిటికీ తెరిచాను. కోపంలో మిల్లు గుమ్మం వైపు సరిగ్గా చూడనే లేదు. ఏడున్నరకు ఇంకా రెండు నిమిషాలు ఉందన్న సంగతి నన్ను మరింత మండించింది. రోజూ ఏడున్నరకు మోగిస్తే సరిపోలేదు, ఇప్పుడు ముందుకు కూడా జరుపుతున్నాడు.

"ఓ సైదులూ, నీకు సిగ్గు శరం ఉన్నదా? గడియారం సూసుడు ఎవ్వరు నేర్పలేదా నీకు? గాడిదా, ఆపు."

వెనక నుంచి శాంతకుమారి గొంతు వినిపించింది. "సార్, ఇయ్యాల అమాస సార్."

నేను గిరుక్కున తిరిగాను. "శాంతకుమారీ, నువ్వు గూడనా? అమాస, పున్నమ అని గిసొంటి మూఢనమ్మకాలు నా క్లాసుల నడువయి. సైన్సు చదివెటోళ్లం మనం."

ఆమె ప్రతి ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. అమావాస్యతో ఆమెకు ఏ పట్టింపూ ఉండదన్న సంగతి ఆ కోపంలో నాకు తట్టలేదు. మళ్లీ కిటికీ వైపు తిరిగి, "ఆపుతవా లేదా" అని గొంతు చించుకున్నాను.

ఊపు ఆగిపోయింది.

పదకొండేళ్లలో నా తిట్టుకు మిల్లు ఆగడం అదే మొదటిసారి. నాకెంత సంతోషమైందో చెప్పలేను. క్లాసు వైపు తిరిగి, "సూసిన్రా? గట్టిగ చెప్తే ఎవ్వడైనా ఆగాల్సిందే" అన్నాను. సుద్దముక్క ఏరుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: భూకంపం వచ్చినప్పుడు చేయవలసిన పనులు. ఒకటి, ప్రశాంతంగా ఉండవలెను.

అప్పుడు వీధిలోంచి గోల వినిపించింది. తొంగి చూస్తే బజారంతా రోడ్డు మీదే ఉంది. మంగలి షాపులోంచి సగం గడ్డం గీయించుకున్న మనిషి మెడలో గుడ్డతో నిలబడ్డాడు. ఒకావిడ పాల గిన్నె పట్టుకుని, స్టవ్ ఆర్పానా లేదా అని పక్కావిణ్ని అడుగుతోంది. వీళ్లకేమైంది, ఇది జాతరా అని విసుక్కున్నాను. నిఖిత ఫోను చూస్తూ మెల్లగా చెప్పింది.

"సార్, భూకంపం వచ్చిందంటండి. ఇప్పుడే. టీవీలో కూడా వేస్తున్నారండి."

నేను కిందికి చూశాను. మిల్లు తలుపుకు తాళం వేలాడుతోంది.

పదకొండేళ్లుగా భూకంపాల గురించి చెబుతున్నాను. ఒక్కటంటే ఒక్కటి వచ్చింది. సరిగ్గా నా కాళ్ల కింది నుంచే పోయింది. మిర్యాలగూడ మొత్తం గుర్తుపట్టింది, నేను తప్ప. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సిగ్గు ఒక్కటే కాదు. అది చిన్న ప్రకంపన కాబట్టి ఊరు మొత్తం మీద నా సుద్దముక్క తప్ప ఏదీ పడలేదు. ఇంకాస్త గట్టిగా ఊగి ఉంటే? లేచి నిలబడ్డ పిల్లల్ని కూర్చోమన్నది నేనే కదా.

నిఖిత రోజూ పెట్టినట్టే ఆ రోజు వీడియో కూడా గ్రూపులో పెట్టింది. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. రానివాళ్లు ఇద్దరున్నారు మరి. మధ్యాహ్నానికి అది కోదాడ చేరింది, సాయంత్రానికి సూర్యాపేట దాటింది. ఎవరో దానికి 'తిట్టి భూకంపాన్ని ఆపిన సార్' అని పేరు పెట్టారు. వీడియో చూస్తే నిజంగా అలాగే ఉంది. భూమి ఊగుతుంది, నేను ఆపుతవా లేదా అంటాను, భూమి ఆగుతుంది. పైగా గట్టిగా చెబితే ఎవడైనా ఆగాల్సిందే అని నీతి కూడా చెబుతాను.

బుధవారం నుంచి ఫోన్లే ఫోన్లు. త్రిపురారం నుంచి ఒక రైతు, నాకు ముఖపరిచయం కూడా లేదు, ఎంతో మర్యాదగా అడిగాడు. "సార్, వడ్లు కల్లంల ఆరబోసిన. మబ్బు బాగ పట్టింది. జర వానను గూడ ఒక మాట అనరాదు." నేను ఫోను పెట్టేశాను. ఆ సాయంత్రం వాన పడలేదు. గురువారం ఆయన మళ్లీ ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాడు, ఒక బస్తా సన్న బియ్యం పంపమంటారా అన్నాడు. టీ హోటలువాడు కరెంటు పోయినప్పుడల్లా నా వైపు ఆశగా చూడడం మొదలుపెట్టాడు. నవనీత ఆ వీడియో నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి చూశాక, "గొంతు మాత్రం మంచిగ వచ్చింది, ఒక్కొక్క మాట ఇనబడుతుంది" అంది.

శోభారాణి శనివారం రావద్దంటుందేమోనని భయపడ్డాను. శుక్రవారం ఆవిడే ఫోన్ చేసింది.

"సార్, రేపు తప్పకుండ రావాలె. కాకపోతే రుతుపవనాలు వద్దు. భూకంపాలు చెప్పండి."

సూర్యాపేటలో ఆ హాలు రెండో అంతస్తులో ఉంది. కింద మొదటి అంతస్తులో ఒక పళ్ల డాక్టరు. అరవై మంది విద్యార్థులు కుర్చీల్లో కూర్చుని నా కోసం కాచుకున్నారు. చివరి వరుసలో శోభారాణి నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. ఎవరో నా చొక్కాకు చిన్న మైకు తగిలించారు. నేను అలవాటు ప్రకారం గొంతెత్తి "నమస్తే" అన్నాను. మొదటి వరుస మొత్తం చెవులు మూసుకుంది. ఆ మైకు తగిలించిన అతనే వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా విప్పుకుని వెళ్లిపోయాడు.

వెనక నుంచి ఎవరో అడిగారు. "సార్, ఇయ్యాల అమాసనా?"

హాలంతా నవ్వింది. నా కోపం ముక్కు మీదికి వచ్చి కూర్చుంది. అక్కడ తిడితే నా గొంతు సంగతి అంతే. మింగేశాను.

పాఠం మొదలుపెట్టాను. భూకంప నాభి, అధికేంద్రం, తరంగాలు, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. ఆ నిశ్శబ్దంలో నా మాటలు నాకే ఎవరివో అన్నట్టు వినిపించాయి. బోర్డు అంచు మీద పెన్ను పెట్టాను. అది అక్కడే ఉంది. కదలదు, పడదు. కాసేపటికి అది పడితే బాగుండునని దాన్నే చూస్తున్నాను. రెండో వరుసలో ఒకమ్మాయి ఆవలించింది. శోభారాణి గడియారం చూసుకుంది. ఇక ఈ పని దక్కదని నాకు అర్థమైపోయింది. పోయేది ఎలాగూ పోతుంది కదా అనిపించింది.

"అవును, నేను గుర్తువట్టలే" అన్నాను. "ఎందుకు పట్టలేదో చెప్త. అది ఇన్నంక మీరు జన్మల ఎస్ తరంగం మర్చిపోరు."

మిల్లు గురించి చెప్పాను. చిన్న మోటారు, అద్దాలు, పెద్ద మోటారు, సుద్దముక్క. చెబుతుంటే నాకే హుషారు వచ్చింది. మొదటి మూడు వరుసల వాళ్లను వేళ్లతో కుర్చీ పలకల మీద టకటక తట్టమన్నాను. అది పి తరంగం. పది లెక్కపెట్టి, వెనక వరుసల వాళ్లను కాళ్లతో నేలను తన్నమన్నాను.

"అట్ల గాదు. మీది జోన్ ఐదు అనుకోండ్రి. గట్టిగ."

పొద్దుటి నుంచి కుర్చీలకు అంటుకుపోయిన పిల్లలు వాళ్లు. రెండోసారి చెప్పించుకోలేదు. నేల దద్దరిల్లింది. అల్మారా తలుపు తెరుచుకుంది. బోర్డు అంచు మీది పెన్ను మెల్లగా దొర్లి కింద పడింది.

పదకొండేళ్ల అలవాటు ఊరికే పోతుందా? పెన్ను పడిందో లేదో నేను వెళ్లి కిటికీ తెరిచి, "ఓ సైదులూ" అని గొంతు చించుకుని అరిచాను.

కింద సూర్యాపేట మెయిన్ రోడ్డు మీద సైదులు లేడు. పళ్ల డాక్టరు దగ్గరి నుంచి ఒక పెద్దమనిషి మెడలో గుడ్డతో, నోట్లో దూదితో పరుగెత్తుకుంటూ వచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఆయన వెనక డాక్టరు, చేతిలో పనిముట్టు అలాగే ఉంది. పక్క దుకాణాల వాళ్లు కూడా బయటికి ఉరికారు. అందరూ తలెత్తి నన్ను చూశారు. బట్టల షాపతను గుర్తుపట్టాడు.

"గా సారే. భూకంపం సారు. మన సూర్యాపేటకు గూడ తెచ్చిండు."

శోభారాణి నన్ను మెట్ల దాకా సాగనంపింది. ఆవిడ ఫోను ఆగకుండా మోగుతోంది, బిల్డింగు యజమాని. "సార్, మీ క్లాసు నాకు మస్తు నచ్చింది" అంది నిజాయితీగా. "బిల్డింగుకే నచ్చలేదు."

బస్సెక్కి కూర్చునే సరికి నా గొంతు పూర్తిగా పోయింది. కండక్టరు ఎక్కడికని అడిగితే నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. "నేరేడుచర్లనా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "గరిడేపల్లి?" మళ్లీ ఊపాను. చివరికి ఫోనులో రాసి చూపించాను. అతను ఫోను వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూసి, టికెట్ ఇస్తూ, "మీరు వీడియోల సారే గద, గంత గొంతు ఏడవోయింది" అన్నాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుపు రావడం ఒక్కటే తక్కువ.

సోమవారం పొద్దున క్లాసుకు పోయి బోర్డు మీద రాశాను: గొంతు పోయింది. ఎవరికి వారు చదువుకోండి. పిల్లలు ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఏడున్నర అయింది. మిల్లు మోగలేదు. అమావాస్య పోయి ఆరు రోజులైంది, ఆ సంగతి నాకు ఈసారి బాగా తెలుసు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గుమ్మం బయట చెప్పులు విడిచి సైదులు లోపలికి వచ్చాడు.

పదకొండేళ్లలో ఆ మనిషిని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నాకంటే పదేళ్లు పెద్ద. భుజం మీద తువ్వాలు, కనుబొమల మీద తవుడు, చేతిలో ఫోను. నాకు కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. భయం వచ్చింది.

"సార్, ఒక మాట అడుగుదామని వచ్చిన" అన్నాడు. "మిల్లు నడుస్తుంటె నాకు ఏమన్న ఇనబడుతదా? పదకొండేండ్లసంది రోజు కిటికి తీసి చేతులు ఊపుతుంటివి. సారు నమస్తె పెడుతుండు అనుకున్న. నేను గూడ చెయ్యెత్తి నమస్తె పెడుతుంటి. ఇంట్ల మా బిడ్డ సంతోషికి గూడ చెప్పిన, గంత చదువుకున్నోడు, జర గర్వం లేదు, పొద్దున లేస్తె మనల పలకరిస్తడు అని."

సైదులు చేతిలోని ఫోను పైకెత్తి చూపించాడు.

"మొన్న అమాసనాడు నేను ఇంటికాడ ఉన్న. సంతోషే వీడియో సూపెట్టింది. అప్పుడు ఇన్న, నువ్వు ఏమంటున్నవో. గాడిద అంటివి. సిగ్గు శరం లేదంటివి. సరే, రోజు చప్పుడు చేస్తున్న, నన్ను అన్నవంటె ఒక అర్థమున్నది. మిల్లు బంద్ ఉన్ననాడు గూడ నన్నే అంటివి. భూమి చేసిన తప్పు గూడ నా నెత్తినే ఏస్తివి. ఇది న్యాయమేనా సార్?"

నా దగ్గర ఎప్పుడూ జవాబులుంటాయి. గొంతు ఉంటే ఆ రోజు కూడా ఏదో ఒకటి అనేసేవాణ్ని. మిల్లు నడిపే వేళ గురించో, చట్టం గురించో దబాయించేవాణ్ని. గొంతు లేదు కాబట్టి విన్నాను. విన్నకొద్దీ నా తల కిందికి పోయింది. సుద్దముక్క తీసుకుని బోర్డు తుడిచి రాశాను.

తప్పు నాది సైదులన్నా. క్షమించు.

అతను దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. ముఖం కొంచెం మెత్తబడింది. పోతాడేమో అనుకున్నాను, పోలేదు. ఇంకేదో ఉందన్నట్టు నిలబడ్డాడు. కింద ఇంకో వాక్యం రాశాను. క్లాసు ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అప్పటిదాకా మిల్లు ఆపుతావా?

అతను అదీ చదివాడు. రెండుసార్లు చదివాడు.

"గింతేనా?" అన్నాడు. "హమాలీలు ఎనిమిదిన్నరకు గాని రారు. సావుకారి తొమ్మిదింటికి వస్తడు. గంట సేపు ఉత్తగనే నడుపుతుంటి, బెల్టు వేడెక్కుతదని. ఏడున్నరకే ఎందుకు ఏస్తున్న ఎరికేనా? నువ్వు ఆ టైముకు కిటికి కాడికి వస్తవు. లేటయితె ఎదురుసూస్తవని."

శాంతకుమారి కొంగుతో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"అడగందే అమ్మయినా పెట్టదంటరు" అన్నాడు సైదులు, మెట్ల వైపు నడుస్తూ. "పదకొండేండ్లల్ల ఒక్కనాడన్న కిందికి దిగొచ్చి అడిగినవా సార్?"

లేదని తలూపాను. కళ్లు చెమర్చాయి. సుద్ద పొడి పడిందని అబద్ధం చెప్పడానికి కూడా గొంతు లేదు.

మరునాటి నుంచి మిల్లు ఎనిమిది ముప్పై ఐదుకు మొదలైంది. ఆ ఐదు నిమిషాలు నేను సామాన్లు సర్దుకోవడానికట. రెండు వారాలు గడిచేసరికి నాకు కొంచెం గొంతు వచ్చింది. డాక్టరు చూసి, ఇదే పద్ధతిలో మెల్లగా మాట్లాడితే గొంతు దక్కుతుందన్నాడు. ఇప్పుడు నా క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ లేదు. నేను చెప్పే ప్రతి మాటా ఆఖరి బల్ల దాకా వినిపిస్తోంది. సూర్యాపేటలో దొరకని నిశ్శబ్దం నాకు మిర్యాలగూడలోనే, మిల్లు పక్కనే దొరికింది. నవనీత, నేను చెప్పలేదా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ అనకపోవడం నాకు రోజూ వినిపిస్తూనే ఉంది.

గ్రూప్ పరీక్ష ఇంకా ఐదు రోజులుందనగా చిన్న పరీక్ష పెట్టాను. పేపర్లు దిద్దుతుంటే నా కళ్లను నేను నమ్మలేకపోయాను. ముందు వచ్చే తరంగం ఏది అన్న ప్రశ్నకు శాంతకుమారి ఎస్ అని రాసింది. నా క్లాసులో ఆ తప్పు రాయడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఆమెకు ఇదే చివరి అవకాశం, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. అలవాటు ప్రకారం తిట్టబోయి ఆగాను.

"ఏమైంది శాంతకుమారీ? ఇది నీకు నిద్దర్ల లేపినా వస్తుండె గద."

"సార్, కాయిదం మీద సూస్తె యాదికొస్తలేదు" అంది తల వంచుకుని. "కాళ్లకింద కదిలితెనే ఎరుకయితది. ఒక్కసారి మిల్లు ఏపియ్యరాదు సార్."

నేను వెళ్లి కిటికీ తెరిచాను. సైదులు మిల్లు గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూడగానే చెయ్యి పైకెత్తాడు. నేనూ ఎత్తాను, ఈసారి నిజంగా నమస్తే పెట్టాను. డాక్టరు మాట తలచుకుని, గొంతు ఎంత మెత్తగా వస్తే అంత మెత్తగా అడిగాను.

"సైదులన్నా, జర ఒక్క నిమిషం మిల్లు ఏస్తవా?"

అతను టీ గ్లాసు పక్కన పెట్టి, చెవికి చెయ్యి ఆనించాడు.

"ఇనబడతలేదు సార్. ఎప్పటిలెక్క జర గట్టిగ చెప్పు."